అటక మీది కేసెట్లు

గత సంచికలో ఈ శీర్షిక కింద వీలునామా గురించి, వారసత్వ పంపకాల గురించి రాశాము. చదివినవారిలో పలువురు ఫోన్లు చేశారు, మరికొందరు ఉత్తరాలు పంపారు. ఇల్లు, పొలం, బంగారం, బ్యాంకులోని సొమ్ము... ప్రశ్నలన్నీ వీటి చుట్టూనే తిరిగాయి. వాటికి జవాబులు మా గ్రంథాలలో ఉన్నాయి గనుక చెప్పడం కష్టం కాలేదు. ఒక్క ప్రశ్నకు మాత్రం ఏ గ్రంథం తెరవాలో మాకు వెంటనే తోచలేదు.

ఆ రోజు అస్ర్ నమాజు ముగిసి పిల్లలు ఇళ్లకు వెళ్లిపోయిన తర్వాత, డెబ్భై ఏళ్లు దాటిన ఒక తల్లి తన పెద్ద కుమారుణ్ణి వెంటబెట్టుకొని మా మదరసాకు వచ్చారు. వారి నివాసం విశాఖ పాతనగరం. కుమారుని చేతిలో అంచులు తుప్పుపట్టిన బిస్కెట్ల రేకు డబ్బా ఉంది. మూత తీస్తే అందులో పదకొండు ఆడియో కేసెట్లు.

“హజ్రత్, మా ఆయన వదిలివెళ్లినవన్నీ పిల్లలు గొడవ లేకుండా పంచుకున్నారు. ఇవి మాత్రం నాకంటే నాకని ముగ్గురూ అంటున్నారు. ఎవరికివ్వమంటారు?” అని ఆమె అడిగారు.

ఆమె భర్త విశాఖ రేవులో కళాసీగా పనిచేస్తూ 1982లో జిద్దా రేవుకు వెళ్లారట. ఏడేళ్లు అక్కడే పనిచేశారు. ఆమెకు చదువు రాదు. ఆయన ఉత్తరం రాస్తే పొరుగింటి కుర్రవాణ్ణి పిలిచి చదివించుకోవాలి. జవాబు కూడా వాడిచేతనే రాయించాలి. ఆలుమగల మాట మూడోవాడి నోట వినవలసిరావడం ఇద్దరికీ రుచించలేదు. మొదటి సెలవుకు వచ్చినప్పుడు ఆయన ఒక టేప్‌రికార్డరు తెచ్చి ఇంట్లో పెట్టారు. అలాంటిదే మరొకటి అక్కడ తన గదిలో ఉంచుకున్నారు. అప్పటినుంచి వారి ఉత్తరాలు కాగితం మీద కాక టేపు మీద నడిచాయి. ఊరికి వచ్చే ఎవరో ఒకరి చేతికి కేసెట్ ఇచ్చి పంపేవారు.

గల్ఫ్ దేశాలకు మనుషులను పంపిన కుటుంబాలకు ఈ ముచ్చట కొత్తది కాదు. కడప, రాయచోటి వైపు వెళ్లినా, హైదరాబాదు పాతబస్తీలో అడిగినా ఇలాంటి కేసెట్ల కథలు ఇంటికొకటి దొరుకుతాయి. ట్రంక్ కాల్ కోసం గంటలు వేచి ఉండవలసిన కాలంలో, నిమిషానికి ఇంత అని లెక్కబెట్టి మాట్లాడవలసిన కాలంలో, ఒక మనిషి తీరికగా అరగంట మాట్లాడి, కాసేపు ఊరుకుండి, దగ్గి, నవ్వి, మళ్లీ మాట్లాడే వీలు ఆ చిన్న ప్లాస్టిక్ పెట్టెలోనే ఉండేది.

ఆమె ప్రశ్నకు శాస్త్రప్రకారం లెక్క వేయబోయాము. సంతానం ఉన్నప్పుడు భార్యకు ఎనిమిదో వంతు. పదకొండింటిలో ఎనిమిదో వంతు అంటే ఒక కేసెట్టూ, మరొక దానిలో మూడో వంతుకు పైగా ముక్క! లెక్క అక్కడికి రాగానే మాకే నవ్వు వచ్చింది, ఆమె కూడా నవ్వారు. “అమ్మా, వీటిని విరగ్గొట్టి పంచడం ఎందుకు? నకళ్లు తీయిస్తే ముగ్గురికీ పదకొండేసి వస్తాయి” అన్నాము. ఆ మాట చెప్పినంత తేలిక కాదని అప్పుడు మాకు తెలియదు.

ఎందుకంటే ఆమె ఇరవై ఏళ్లకు పైగా ఆ గొంతు వినలేదు. ఇంట్లోని యంత్రం ఎప్పుడో చెడింది, పాత సామాన్ల వాడికి పోయింది. భర్త పోయి పన్నెండేళ్లు. ఈ ఇరవై ఏళ్లలో డబ్బా అటక మీదనే ఉంది. మా మదరసా బీరువాలో తజ్వీదు పాఠాల కోసం ఒకనాడు వాడిన టేప్‌రికార్డరు ఉన్న సంగతి మాకు గుర్తుకు వచ్చింది. ఎంతో ఉత్సాహంగా దానిని బయటకు తీసి, దుమ్ము దులిపి, పైనున్న కేసెట్ పెట్టి మీట నొక్కాము.

మూడు నాలుగు సెకన్లపాటు ఏదో నీటి అడుగున మాట్లాడినట్టు వినిపించింది. ఆ తరువాత కరకరమని చప్పుడై ఆగిపోయింది. మూత తెరిస్తే టేపు లోపలి చక్రాలకు చుట్టుకొని నలిగి ఉంది. ఆ తల్లి ఒక్క మాట కూడా అనలేదు. డబ్బాను మెల్లగా తన ఒడిలోకి లాక్కున్నారు. మేము తలెత్తి ఆమెను చూడలేకపోయాము. ఎదుటివారి అమానతును ముట్టుకునే ముందు తెలిసినవారిని అడగాలని పిల్లలకు ముప్పై ఏళ్లుగా పాఠం చెబుతున్నవాళ్లము మేము.

మర్నాడు మా మిత్రులొకరి ఇంటికి వెళ్లాము. ఆకాశవాణిలో ఇంజనీరుగా పనిచేసి పదవీవిరమణ చేసిన పెద్దమనిషి ఆయన. మన విశాఖపట్నం ఆకాశవాణి కేంద్రం 1963లో మొదలైంది. ఫిలిప్స్ సంస్థ ఈ కేసెట్‌ను లోకానికి చూపించింది కూడా ఆ 1963లోనే. ఆయన ఉద్యోగ జీవితమంతా పెద్ద చక్రాల టేపులతోనే గడిచింది. నలిగిన కేసెట్‌ను భూతద్దం కింద పెట్టి చాలాసేపు చూసి, “మౌలానా గారూ, ముప్పై ఏళ్లుగా కదలని చక్రం ఇది. లేచీ లేవగానే పరుగెత్తమంటే ఎలా?” అన్నారు.

ఆయన చెప్పినవి మాకు అర్థమైనంతవరకు ఇక్కడ రాస్తాము. పాఠకులలో ఎంతోమంది ఇళ్ల అటకలపై ఇలాంటి డబ్బాలు ఉంటాయి గనుక ఇది పనికివస్తుంది.

టేపు అంటే పల్చటి పాలియెస్టరు పట్టీ. దాని వెడల్పు నాలుగు మిల్లీమీటర్లకు కొంచెం తక్కువ. ఆ పట్టీపై ఇనుప ఆక్సైడు పొడిని జిగురుతో పూస్తారు. సామాన్య భాషలో చెప్పాలంటే అది తుప్పుకు దాయాది. మన ఉక్కు కర్మాగారంలో ఇనుప ఖనిజంలోని ఆక్సిజన్‌ను కొలిమిలో వెళ్లగొట్టి ఇనుమును తీస్తారు. టేపు చేసేవారు ఇనుమును ఆక్సిజన్‌తో కలిసిన స్థితిలోనే ఉంచి, సన్నని పొడిగా మార్చి, దానిలోని ఒక్కొక్క రేణువును చిన్న అయస్కాంతంగా వాడుకుంటారు. మనిషి మాట ఆ రేణువుల దిశలుగా అక్కడ నిలిచి ఉంటుంది. సెకనుకు 4.76 సెంటీమీటర్ల చొప్పున టేపు కదులుతుంది. అరవై నిమిషాల కేసెట్‌లో దాదాపు 90 మీటర్ల టేపు ఉంటుంది. మేము నలిపినది సుమారు జానెడు, అనగా నాలుగైదు సెకన్ల మాట.

చెడిపోయేది సాధారణంగా ఆ ఇనుప పొడి కాదు, దానిని పట్టి ఉంచే జిగురు. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ మెత్తబడి బంకలా తయారవుతుంది. అలాంటి టేపు యంత్రంలో తిరిగితే పూత ఊడి వచ్చి హెడ్డుకు అంటుకుంటుంది. ఊడిన పూతతోపాటు మాట కూడా పోతుంది. తేమ ఎక్కువైన చోట తెల్లటి బూజు కూడా పడుతుంది. టేపులు దాచే గదిలో తేమ 30 నుంచి 40 శాతం మధ్య ఉండాలని భాండాగారాలవారు చెబుతారు. సముద్రం ఒడ్డున ఉండే మనకు అది కలలోని మాట. కిటికీ ఊచలను, సైకిల్ గొలుసును, తాళం చెవులను తినే ఉప్పుగాలే అటక మీది డబ్బాలోకీ వెళుతుంది.

దీనికి తోడు తుఫానులు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ మన నగరం మీదికి వచ్చిన రోజును ఎవరూ మరువలేదు. గంటకు 180 కిలోమీటర్ల దాకా వీచిన గాలికి రేకులు లేచిపోయాయి, కిటికీలు పగిలాయి, ఇళ్లలోకి వాన కొట్టింది. తరువాత ఎన్నో రోజులు కరెంటు లేదు. తడిసిన బియ్యం, పరుపులు, సర్టిఫికెట్లు ఎండబెట్టుకోవడంలో పడిన మనకు తడిసిన కేసెట్లు, పెళ్లి వీడియోలు జ్ఞాపకం రాలేదు. వీధి చివరి చెత్తకుప్పలలో గోధుమరంగు టేపు రిబ్బన్లలా ఎగరడం మేమే చూశాము. అప్పుడు మాకు అది చెత్తగానే కనిపించింది.

టేపు బాగుంటే చాలదు, దానిని తిప్పే యంత్రం కూడా ఉండాలి. ఇంటింటి వీడియో కేసెట్ 1976లో జపానులో మొదలైంది. దాని యంత్రాన్ని ఉత్పత్తి చేస్తూ వచ్చిన చివరి సంస్థ 2016 జూలైలో తయారీ ఆపివేసింది. ఇక మీదట ఉన్న యంత్రాలను బాగుచేసుకోవడమే తప్ప కొత్తవి రావు. బాగుచేసే చేతులూ వృద్ధాప్యంలో పడ్డాయి. యునెస్కో, ధ్వని భాండాగారాల అంతర్జాతీయ సంఘం కలిసి 2019లో ఒక హెచ్చరిక చేశాయి. భాండాగారాలకు చేరని టేపులలో అధికభాగం 2025 నాటికి వినే వీలు లేకుండా పోవచ్చునన్నది దాని సారాంశం. ఆ గడువు దగ్గరపడినప్పుడు కూడా మన ఇళ్లలో ఎవరూ అటక ఎక్కి చూడలేదు.

పెద్ద పెద్ద సంస్థలు చేసిన పొరపాట్లు చూస్తే మన అలక్ష్యం చిన్నదనిపిస్తుంది. భారతదేశపు తొలి టాకీ ‘ఆలం ఆరా’ 1931లో వచ్చింది. దాని ప్రతి ఒక్కటీ మిగలలేదు. మన తెలుగు తొలి టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1932 నాటిది. దాని ప్రతి కూడా నేడు అందుబాటులో లేదు. ఆ రోజుల ఫిల్ము నైట్రేటుతో చేసినది, నిప్పు తగిలితే ఆరదు. పైగా ఫిల్ము పూతలో వెండి ఉంటుంది. ఆడి ముగిసిన సినిమాను కరిగించి వెండి తీసుకుంటే నాలుగు డబ్బులు వచ్చేవి. పుణెలో జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ 1964లో ఏర్పడేసరికి మూగచిత్రాలలో అధికభాగం అలా కరిగిపోయాయి, కాలిపోయాయి. దాని తొలి రూపశిల్పి పి.కె. నాయర్ దేశమంతా తిరిగి గోదాములలో, ఇళ్లలో పడి ఉన్న రీళ్లు ఏరుకొచ్చి ఉండకపోతే ఈ మాత్రమూ మిగిలేది కాదు. సినిమాల మంచిచెడ్డల చర్చ ఇక్కడ పెట్టబోము, అది వేరే సంచికకు తగిన విషయం. ఒక తరం ఎలా నడిచింది, ఎలా మాట్లాడింది అన్నది వాటిలో ఉంటుందన్న మాట మాత్రం కాదనలేనిది. బుర్రకథ పితామహుడు షేక్ నాజర్ గారిని మన పిల్లలకు చూపించాలంటే 1954 నాటి ‘అగ్గిరాముడు’ చిత్రంలో ఆయన దళం చెప్పిన అల్లూరి సీతారామరాజు కథే దిక్కు అవుతున్నది. ఊరూరా రాత్రి తెల్లవార్లూ ఆయన చెప్పిన కథలను ఎందరు విన్నారో! విన్నవారి చేతిలో ఆనాడు యంత్రం లేదు.

ఉన్నదానిని చేజేతులా చెరిపినవారూ ఉన్నారు. 1969లో చంద్రునిపై మనిషి కాలు మోపినప్పుడు అక్కడి నుంచి వచ్చిన సంకేతాలను నేరుగా నమోదు చేసిన మూల టేపులను నాసా తరువాతి కాలంలో చెరిపి మళ్లీ వాడుకున్నదని 2009లో తేలింది. ప్రసారమైన దృశ్యాల నకళ్లు మాత్రమే మిగిలాయి. బ్రిటన్‌లో బీబీసీ కూడా 1960, 70 దశకాలలో వందలాది కార్యక్రమాల టేపులను అలాగే చెరిపి వాడుకుంది. టేపు ఖరీదైనది, మాట ఎప్పుడైనా మళ్లీ చెప్పుకోవచ్చు అనుకున్నారు.

ఈ సంగతి మేము ఆ తల్లికి చెప్పినప్పుడు ఆమె ముఖం చిన్నబోయింది. ఏడేళ్లలో పదకొండు కేసెట్లేనా వచ్చినవి అని అడిగాము. “ఎన్నో వచ్చాయి హజ్రత్. ఆయన పంపినదాని మీదనే నా జవాబు రికార్డు చేసి తిప్పి పంపేదాన్ని. కొత్త కేసెట్‌కు డబ్బు దండగ అనుకునేదాన్ని. ఆయన మళ్లీ దానిమీదే మాట్లాడి పంపేవారు” అన్నారు. ఈ పదకొండూ ఆమెకు చెరపబుద్ధి కానివి. కొడుకు జ్వరం సంగతి ఉన్నది ఒకటి, కూతురు పుట్టిందని తెలిసినప్పటిది ఒకటి, ఇంకా అలాంటివి. ఆమె మాట్లాడిన కేసెట్ ఒక్కటి కూడా లేదు. అవన్నీ భర్త గొంతు కిందనే అణగిపోయాయి.

చెరిపినవారి కథలు చెప్పాము గనుక దాచినవారి కథ ఒకటి చెప్పకుండా ముందుకు పోలేము. ఈజిప్టు ఖారీ షేఖ్ ముహమ్మద్ రిఫ్‌అత్ 1882లో జన్మించారు. పసితనంలోనే చూపు పోయింది. 1934లో కైరో రేడియో ప్రారంభమైనప్పుడు తొలి పారాయణం ఆయనదే. ఆ తరువాత వారం వారం ఆయన కంఠం వినడానికి జనం రేడియోల చుట్టూ గుమిగూడేవారు. కానీ అవి నేరుగా సాగిన ప్రసారాలు, గాలిలో వచ్చి గాలిలో కలిసిపోయేవి. గొంతు జబ్బు వచ్చి ఆయన పారాయణం నిలిచిపోయింది, 1950లో పరమపదించారు. నేడు మనం ఆయన పారాయణం వినగలుగుతున్నామంటే అందుకు ముఖ్య కారకుడు జకరియ్యా మహ్రాన్ పాషా అనే శ్రోత. షేఖ్ గారిపై అభిమానంతో ఆయన తన ఇంట్లోనే యంత్రం పెట్టుకొని, రేడియోలో వచ్చేదానిని ఓపికగా డిస్కులలోకి ఎక్కించారు. ప్రసార సంస్థ దాచనిదానిని వినేవాడు దాచాడు. ఆ తరువాతనే, 1961లో, షేఖ్ మహ్మూద్ ఖలీల్ అల్ హుసరీ కంఠంతో దివ్యఖుర్‌ఆన్ సంపూర్ణ పారాయణం రికార్డయింది. అంతకు ముందటి ప్రయత్నం ఒకటి మమ్మల్ని మరీ ఆశ్చర్యపరిచింది. 1906 నుంచి 1909 వరకు మక్కా, జిద్దా ప్రాంతాలలో మైనపు సిలిండర్లపై రికార్డు చేసిన పారాయణాలు, అజాన్లు, పాటలు నెదర్లాండ్స్‌లోని లైడెన్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. స్నూక్ హుర్గ్రోన్యే అనే డచ్చి పండితుడు చేయించినవి. ఆయన వలస ప్రభుత్వానికి సలహాదారు, ఆయన ఉద్దేశాలపై మనకు ఉండవలసిన అభ్యంతరాలు మనకున్నాయి. అయినా మైనం కరిగిపోకుండా శతాబ్దానికి పైగా కాపాడినందుకు ఆ గ్రంథాలయానికి మనసులోనే కృతజ్ఞత చెప్పుకున్నాము.

మన ఊరికి తిరిగి వద్దాము. మా మిత్రులు ఆ పదకొండు కేసెట్లనూ పదిహేను రోజులు తమ వద్ద ఉంచుకున్నారు. ముందుగా వాటి వెనుక అంచున ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ రెక్కలను విరిచారు. అవి ఉంటే పొరపాటున మీట నొక్కి ఉన్నదానిని చెరిపే ప్రమాదం ఉంది. పాఠకులు ఇది చదివిన వెంటనే చేయదగిన పని ఇదొక్కటే, దీనికి ఏ యంత్రమూ అక్కరలేదు. మా చేతిలో నలిగిన కేసెట్‌ను మరలు విప్పి తెరిచారు. లోపల టేపును హెడ్డుకు ఆనించే చిన్న ఉన్ని మెత్త ఉంటుంది, దాని జిగురు ఎండి అది ఊడిపోయి ఉంది. నీటి అడుగున మాట్లాడినట్టు వినబడినది అందువల్లనే. టేపు చుట్టను మరొక మంచి పెట్టెలోకి మార్చారు. నలిగిన చోటును వేలితో మెల్లగా సాపు చేశారు. తెగినచోట మామూలు సెల్లోటేపు అతికించవద్దని, దాని జిగురు కారి పక్కపొరలకు అంటుతుందని హెచ్చరించారు. దానికి వేరే పట్టీ దొరుకుతుంది. తరువాత ప్రతి కేసెట్‌నూ వినకుండానే ఒకసారి ఆ కొసదాకా, ఒకసారి ఈ కొసదాకా నెమ్మదిగా తిప్పారు. పొరలు ఒకదానినొకటి వదిలిన తరువాతనే యంత్రంలో పెట్టారు. రెండు కేసెట్లకు బూజు ఉంది. వాటిని వేరుగా, ముక్కుకు గుడ్డ కట్టుకొని, చివరన తీసుకున్నారు. కేసెట్ మారినప్పుడల్లా హెడ్డును స్పిరిట్ అద్దిన దూదితో తుడిచారు.

బజారులో చవకగా దొరికే యు.ఎస్.బి. కేసెట్ యంత్రాలు ఆయనకు నచ్చవు. “అవి వినడానికి, దాచడానికి కాదు” అన్నారు. ఫోన్లో రికార్డు చేసి వాట్సాప్‌లో పంపుకుంటే చాలదా అని మేము అడిగితే, పంపినప్పుడు అది మాటను నొక్కి చిన్నది చేస్తుందని, మూలంగా దాచేది మాత్రం కుదించని వేవ్ ఫైలుగా ఉండాలని చెప్పారు. మంచి నాణ్యతతో గంట మాటకు సుమారు ఒక జీబీ పడుతుంది. అంటే ఒక కుటుంబపు ఏడేళ్ల విరహమంతా ఒక చిన్న పెన్‌డ్రైవులో పట్టి, అందులో ఇంకా చోటు మిగిలింది. అయితే ఆ పెన్‌డ్రైవును నమ్మవద్దన్నారు. సీడీల రంగుపూత కూడా కాలక్రమంలో వెలిసిపోతుంది, ఫోన్లు పోతాయి, పాస్‌వర్డులు మరిచిపోతాము. కనీసం రెండు మూడు చోట్ల ఉంచాలి, ఒకటి వేరే ఊరిలో ఉండాలి, అయిదారేళ్లకొకసారి కొత్తదానిలోకి మార్చాలి. కేసెట్లను కూడా పారవేయకూడదు. వేరే ఊరి నకలు అన్నప్పుడు మాకు మళ్లీ హుద్‌హుద్ గుర్తుకు వచ్చింది.

మరి వీడియోలు? పెళ్లి వీడియోలను దుకాణంలో ఇచ్చి మార్పించేవారు ఒక విషయం ఆలోచించాలి. ఆ కేసెట్లో మన ఇంటి ఆడపిల్లలు, ఇరుగుపొరుగు స్త్రీలు ఇంటి లోపలి వేడుకలో ఉన్నట్టు ఉంటారు. దుకాణంలోని కంప్యూటర్లో నకలు మిగిలిపోతే ఎవరు చూస్తారో మనకు తెలియదు. ఇంటి మనుషులలో ఎవరైనా నేర్చుకొని ఇంట్లోనే చేసుకోవడం మేలు. అది కుదరకపోతే పని జరుగుతున్నంతసేపూ దగ్గర కూర్చోవాలి. ఫొటో, వీడియోల విషయంలో మా విద్వాంసుల మధ్య భేదాభిప్రాయాలు ఉన్నాయి. ఆ చర్చను అడ్డుపెట్టుకొని కొన్ని ఇళ్లలో తాతల ధ్వని కేసెట్లను కూడా కలిపి కాల్చివేయడం మాత్రం అనాలోచితం. గొంతుకు ఆ చర్చతో సంబంధం లేదు. ఇక పూర్తిగా పాడైపోయిన ఖుర్‌ఆన్ పారాయణపు కేసెట్లను ఏం చేయాలని తరచూ అడుగుతుంటారు. చిరిగిన ముస్‌హఫ్ పుటల పట్ల ఎలా నడుచుకుంటామో అలాగే శుభ్రమైన గుడ్డలో చుట్టి, కాలు పడని చోట పూడ్చితే సరిపోతుంది.

పంపకం ప్రశ్న మిగిలింది. దానికి జవాబు మాకు ఒక రాత్రి నిద్రపట్టనప్పుడు తట్టింది. ఎంత తేలికైన జవాబంటే, మొదటిరోజే తట్టనందుకు సిగ్గుపడ్డాము. ఆ కేసెట్లు మరణించినవారి ఆస్తి కానే కావు. ఆయన బతికుండగానే భార్య పేరిట పంపారు, అవి ఆమె చేతికి చేరాయి. ఇచ్చినది, పుచ్చుకున్నది కూడా పూర్తయింది. కనుక అవి ఆమె సొంతం, పంపకమే లేదు. వాటిని ఎవరు వినాలి, ఎంతవరకు వినాలి అన్నది కూడా ఆమె చేతిలోనిదే.

ఇది చెప్పినప్పుడు పెద్ద కుమారుడు కొంచెం నొచ్చుకున్నాడు. “నాన్నగారి గొంతు వినే హక్కు మాకు లేదా హజ్రత్?” అన్నాడు. “ఉత్తరం ఎవరి పేర వస్తే వారు చదివి ఇచ్చాకనే కదా నాయనా తక్కినవారు చదివేది” అన్నాము. వాడి వయసు నలభై ఆరు. ఆ మాటకు తలవంచుకొని ఊరుకున్నాడు. మా మిత్రులు కూడా నకళ్లు తీసేటప్పుడు ప్రతి కేసెట్‌లోనూ మొదటి నిమిషం మాత్రం విని, శబ్దం సరిచూసుకొని, తరువాత స్పీకరు కట్టేసి సూచిక ముల్లును చూస్తూ కూర్చున్నారట. ఆ విషయం ఆయన తనంతట తాను చెప్పలేదు, వారి ఇంటివారి ద్వారా తెలిసింది.

మొదట ఆ తల్లి ఒక్కరే గది తలుపు వేసుకొని విన్నారు. మూడు రోజులు పట్టింది. తరువాత తొమ్మిది కేసెట్ల నకళ్లు ముగ్గురు పిల్లలకూ ఇమ్మన్నారు. రెండింటిని ఇవ్వలేదు. ఎందుకని ఎవరూ అడగలేదు. మేము నలిపిన కేసెట్‌లో పోయినవి అయిదు సెకన్లు కాదు, రెండే. తన కుమార్తె పేరును ఆయన మొదటిసారి పలికిన చోటు అది. పేరులోని చివరి అక్షరం మాత్రమే మిగిలింది. “ఫర్వాలేదు హజ్రత్, తరువాత చాలాసార్లు పిలిచారు” అని ఆమె మమ్మల్ని ఓదార్చారు.

గత శుక్రవారం ఆ కుమారుడు మళ్లీ వచ్చి ఒక సంగతి చెప్పాడు. అమ్మీ ఆ కేసెట్లు వినేటప్పుడు ఊరికే వినడం లేదట. ఆయన “డ్రాఫ్టు అందిందా?” అని అడుగుతారు, ఈమె “ఆఁ, అందింది, స్కూలు ఫీజు కట్టేశాను” అంటారు. ఆయన “కాలు నొప్పి ఎలా ఉంది?” అంటారు, ఈమె “ఏ కాలు? ఇప్పుడు రెండూ నొప్పే” అంటారు. ఆయన మాటకూ మాటకూ నడుమ ఆగే చోట్లు ఆమెకు ఇంకా కంఠస్థంగా ఉన్నాయి. సరిగ్గా ఆ ఖాళీలలోనే పలుకుతున్నారు. కుమారుడు ఆమె అనుమతి అడిగి, పక్కన ఫోను పెట్టి దానినంతా రికార్డు చేస్తున్నాడు. ఇంతవరకు నాలుగు కేసెట్లు అయ్యాయి, అయిదోది ఈ వారం.